ఛాయాచిత్రమునందు దిగంతరేఖ

ముత్తుకూరునుండి తూర్పుగా బోయినచో కృష్ణపట్నపు సముద్రతీరము చేరుటకు ఎంతో కాలము పట్టదు. సెలవుదినములందు మన విద్యార్థులు పలువురు అచ్చటికేగి, ఇంటిలోని పెద్దల సెల్‌ఫోనులతో ఛాయాచిత్రములు తీసికొని వచ్చుచుందురు. ఈ సంచికయందు ముద్రించుటకై వచ్చిన చిత్రములను ఏరు పని నాకు అప్పగింపబడినది. వానిని బల్లపై పరచి చూడగా, పెక్కింటిలో ఒకే దోషము కానవచ్చినది. ఇసుక చక్కగానున్నది, పడవలు చక్కగానున్నవి, నవ్వుచున్న ముఖములును చక్కగానే యున్నవి. సముద్రము మాత్రము ఒక ప్రక్కకు ఒరిగియున్నది. ఆ చిత్రములను నమ్మినయెడల, బంగాళాఖాతమంతయు ఒకనాడు చెన్నపట్టణము వైపునకును మరియొకనాడు మచిలీపట్నము వైపునకును ఒలికిపోవుచున్నదని తలపవలసి వచ్చును.

ఇది కేవలము బాలుర తప్పు గాదు. ముప్పదియేండ్లుగా కెమేరా పట్టుచున్న నేనును ఈ తప్పునుండి పూర్తిగా తప్పించుకొనలేదు. ఆ కథ చివర చెప్పెదను. అంతకుముందు, సముద్రము ఏల ఒరుగుచున్నదో, మన కన్నులు దానిని అప్పుడే ఏల పట్టుకొనజాలకున్నవో విచారింతము.

సముద్రమును ఆకాశమును కలిసినట్లు కనబడు గీతకు దిగంతరేఖ యని పేరు. క్షితిజరేఖ యనియు నందురు. నిజమున కచ్చట ఏ గీతయు లేదు. భూమి గుండ్రముగ నుండుటచే, నీటి ఉపరితలము మనకు దూరమగుకొలది క్రిందికి వంగిపోవును. మన చూపు నీటిని తాకి జారిపోవు చోటే దిగంతము. నీటియంచున నిలుచున్న వాని కన్ను ఒకటిన్నర మీటరు ఎత్తున నున్నచో, దిగంతము సుమారు 4.4 కిలోమీటర్ల దూరమున నుండును. పదిమీటర్ల యెత్తున్న మేడపైనుండి చూచినచో అది 11 కిలోమీటర్లకు పైగా జరుగును. రేవునకు రానున్న ఓడలు లంగరు వేసి నిలిచియుండగా, వాని పైభాగములు మాత్రమే కనబడి అడుగుభాగములు నీట మునిగినట్లు తోచుటకు ఇదియే కారణము.

మనచుట్టు ఏ దిక్కున జూచినను దిగంతము ఒకే దూరమున, ఒకే యెత్తున నుండును. కావుననే అది మట్టముగా నుండును. తాపీమేస్త్రి రసమట్టము పెట్టి కట్టిన గోడవరుసయైనను ఇంతటి మట్టము గాదు. ప్రకృతి మనకు ఉచితముగా నిచ్చిన మట్టపుగీత యిది. చిత్రమునందు ఇది ఒరిగినదన, ఒరిగినది కెమేరాయే గాని సముద్రము గాదు.

అట్లయిన చిత్రము తీయునపుడే ఆ ఒరుగుట మనకేల తెలియదు? ఒక చిన్న పరీక్ష చేయుడు. కిటికీయెదుట నిలుచుండి మీ తలను కుడిభుజము వైపునకు వంచి చూడుడు. కిటికీ ఒరిగినట్లు తోచదు. కంటిలోపలి పొరపై పడిన బొమ్మ నిజముగా ఒరిగియే యున్నది. అయినను తల యెంత వంగినదో మెదడునకు తెలియును గనుక, అది ఆ వంపును తీసివేసి మనకు జూపుచున్నది. తల వంగిన సంగతి మెదడునకు చెప్పునది చెవి. లోపలిచెవియందు సన్నని రోమములు నాటుకొనిన జిగురుపొర యొకటి కలదు. దానిపై సున్నపురాతి జాతికి చెందిన అతిసూక్ష్మములైన కణములు పేరియుండును. తల వంగగనే ఆ కణములు భూమ్యాకర్షణముచే ఒకవైపునకు లాగబడి రోమములను వంచును. ఈ యేర్పాటు వలననే ఒడ్డున పరుగెత్తుచున్నను, ప్రక్కకు వాలుచున్నను మనకు లోకము నిలుకడగా నున్నట్లు తోచును.

ఛాయాచిత్రమునకు చెవి లేదు. అందున్న బొమ్మ ఎట్లు పడినదో అట్లే నిలిచిపోవును. పైగా దానికి నాలుగంచులు కలవు. లోకమునకు అంచులు లేవు గనుక సముద్రమును మనము దేనితోడను పోల్చి చూడము. చిత్రమునందో, పైయంచును క్రిందియంచును రెండు కొలబద్దలవలె నిలిచి దిగంతరేఖను కొలిచి చూపును. ఆ చిత్రమును గోడకు తగిలించినప్పుడు గోడ, దూలము, తలుపుచట్రము అన్నియు ఆ కొలతకు సాక్ష్యము పలుకును. దిగంతరేఖ పైయంచునకు మిక్కిలి దగ్గరగా నున్న చిత్రములలో ఒరుగుట మరింత కొట్టవచ్చినట్లు కనబడుట మీరును గమనించియుందురు. కొలబద్ద దగ్గరనుండుటచే అట్లు జరుగును.

ఎంత ఒరిగిన కంటికి తెలియుననగా, మిక్కిలి స్వల్పమే చాలును. పదునైదు సెంటీమీటర్ల వెడల్పుగల చిత్రమునందు దిగంతరేఖ ఒక డిగ్రీ ఒరిగినచో, దాని రెండు కొనల యెత్తులకు 2.6 మిల్లీమీటర్ల భేదము వచ్చును. శ్రద్ధగా చూచువాడు దీనిని పట్టుకొనును. మూడు డిగ్రీలైనచో భేదము దాదాపు 8 మిల్లీమీటర్లగును. దీనిని చదువురాని పసివాడును చూపగలడు.

పూర్వకాలపు ఛాయాచిత్రకారులు మనకంటె ఈ విషయమున జాగరూకులు. వారికి గత్యంతరము లేకుండెను. కెమేరా పెద్ద పెట్టె. దానిని మూడుకాళ్ళ పీటపై నిలుపవలెను. వెనుకనున్న గరుకుటద్దముపై బొమ్మ తలక్రిందులుగా పడును. నల్లగుడ్డలో తలదూర్చి దానిని చూడవలెను. ఒక్కొక్క పలకకు ఖర్చును శ్రమయు అధికము. అందుచే గాజుపలకను తొడుగుటకు ముందే పీటకాళ్ళను సవరించి మట్టము చూచుకొనుట వారికి అభ్యాసమై యుండెను. హైదరాబాదు నేలిన ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళు (1844–1905) మొదట రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరునందు ప్రభుత్వ మరామతుశాఖలో నక్షాలు గీయు ఉద్యోగము చేసినవాడు. కోటలను, మహలులను అతడు తీసిన చిత్రములు చూడుడు. స్తంభములు నిటారుగా, మెట్లు మట్టముగా నుండును. నక్షా గీసిన చేయి కెమేరా పట్టినదని చూడగనే తెలియును.

అంతకు పూర్వము మద్రాసు ప్రభుత్వమువారి ఛాయాచిత్రకారుడైన లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి 1858లో తంజావూరు బృహదీశ్వరాలయమునందు చేసిన పని యొకటి ఇచ్చట చెప్పదగియున్నది. ఆ యాలయపు అధిష్ఠానముపై చెక్కబడిన శాసనమును అతడు ముక్కలు ముక్కలుగా చిత్రించి, 21 చిత్రములను వరుసగా అతికి, సుమారు 19 అడుగుల పొడవుగల పటముగా కూర్చెను. ఒక్క చిత్రము ఒరిగినదైనచో శాసనపు పంక్తి ప్రక్కచిత్రపు పంక్తితో కలియదు గదా! ఒంటరి చిత్రము తీయువాడు కొంచెము ఒరిగినను బ్రతికిపోవును. అతుకువానికి అట్టి అదృష్టము లేదు. నేటి సెల్‌ఫోనులో చుట్టును త్రిప్పి పొడవైన దృశ్యము తీయు సాధనమున్నది. ఫోనును క్రిందికో మీదికో వంచిపట్టి త్రిప్పినవారికి దిగంతరేఖ విల్లువలె వంగి వచ్చుటయు ఇట్టి శిక్షయే.

ఒరిగిన సముద్రములు ప్రబలినది చేతికెమేరాలు వచ్చిన తరువాతనే. కొడాకువారు 1900 సంవత్సరమున బ్రౌనీ యను పెట్టెకెమేరాను ఒక డాలరు వెలకు అమ్మసాగిరి. అప్పటినుండి మూడుకాళ్ళ పీట అక్కరలేకపోయెను. ఆ జాతి కెమేరాలలో పెక్కింటికి పైభాగమున చిన్న అద్దపుకిటికీ యుండెడిది. దానిని రొమ్మునకు దిగువ పట్టుకొని పైనుండి చూడవలెను. అందలి బొమ్మ అద్దమునందలి ముఖమువలె కుడియెడమలు తారుమారై కనబడెడిది. సముద్రము ఒరిగినట్లు తోచి సరిచేయబోయిన క్రొత్తవాడు, కెమేరాను తప్పువైపునకు త్రిప్పి మరింత ఒరగజేసెడివాడు. నా చిన్నతనమున మాయింట నట్టి కెమేరా యొకటి యుండెను. మాబంధువుల పెండ్లిండ్లలో పందిళ్ళన్నియు కూలుటకు సిద్ధముగానున్నట్లు మా ఆల్బమునం దిప్పటికిని చూడవచ్చును.

ఇప్పటి సెల్‌ఫోనునకు ఆ చిక్కు లేదు. తెర పెద్దది, బొమ్మ సరిగానే కనబడును. చాలఫోనులలో తెరపై అడ్డముగ రెండు, నిలువుగ రెండు సన్నని గీతలు కనబడునట్లు చేసికొనవచ్చును. అడ్డగీతను దిగంతమునకు ఆనించి చూచినచో సగము పని తీరినట్లే. కొన్ని ఫోనులు మట్టమైనప్పుడు గీతరంగు మార్చి చెప్పును గూడ. ఫోనునకు మట్టము తెలియుట యెట్లనగా, అందు సిలికానుతో చేసిన సూక్ష్మమైన ముద్ద యొకటి సన్నని పట్టీలపై వ్రేలాడుచుండును. భూమి దాని నేవైపునకు లాగునో ఆవైపునకు అది లవలేశము జరుగును. ఆ జరుగుటచే ప్రక్కనున్న పలకల నడుమ విద్యుత్తు నిలుచు ప్రమాణము మారును. ఆ మార్పును కొలిచి, క్రిందు ఏదియో ఫోను గ్రహించును. మేస్త్రి తూకపుగుండునకును, మన చెవిలోని కణములకును, దీనికిని సూత్రమొక్కటే.

అయితే మూడింటికిని ఒకే బలహీనత కూడ కలదు. ఊయల ఊగుచు, దారమునకు కట్టిన రాతిని చేత పట్టుకొని చూడుడు. రాయి నేలకు నిటారుగా గాక, ఊయల గొలుసుల వెంబడినే వ్రేలాడుచుండును. కదలుచున్నవానికి గుండు అబద్ధము చెప్పునన్నమాట. ఉప్పుటేటిలో మోటారుపడవపై బోవుచు, అది మలుపు తిరుగునప్పుడు ఫోనులోని మట్టపుగీతను నమ్మినవాడు మోసపోవును. అట్టిచోట దిగంతమునే నమ్మవలెను. పడవ ఎట్లు ఊగినను అది ఊగదు. మబ్బులో చొచ్చి దిగంతము కానరానప్పుడు విమానము నడుపువారు పడిన యిడుమలు దీనివలననే. తాము సరిగా బోవుచున్నామని చెవి చెప్పుచుండగనే విమానము ఒరిగి నేలకూలిన సందర్భములు తొలిదినములలో అనేకములు. 1929 సెప్టెంబరు 24న అమెరికాదేశమున జేమ్స్ డూలిటిల్ అను వైమానికుడు, బయటి దృశ్యము కానరాకుండ కప్పివేసిన ఆసనమునం గూర్చుండి, పరికరములనే చూచుచు విమానమును లేవనెత్తి, త్రిప్పి, దింపెను. ఆ పరికరములలో ముఖ్యమైనది తిరుగుబొంగరపు బలముచే నిలుచు కృత్రిమ దిగంతరేఖ. ఛాయాచిత్రమున రేఖ ఒరిగిన అందము మాత్రమే చెడును. వారికో ప్రాణమే దానిపై నాధారపడియుండెను.

ఇంతవరకు చెప్పినది విశాలసముద్రము ఎదుటనున్నప్పటి మాట. మన ప్రాంతమున చిత్రము తీయువానికి అసలు చిక్కు సముద్రము వద్ద గాదు, ఉప్పుటేటి వద్ద వచ్చును. కండలేరు ఉప్పుటేటి గట్టున నిలుచుండి ఆవలిగట్టును చూడుడు. అదియు దూరమున ఒక అడ్డగీతవలెనే తోచును. దానిని మట్టము చేసి చిత్రము తీసినచో, ఒక్కొకప్పుడు పడవలన్నియు, చెట్లన్నియు ప్రక్కకు వాలి వచ్చును. కారణమేమనగా, ఆవలిగట్టు మనకు సరిగా ఎదురుగ గాక ఏటవాలుగా పోవుచుండును. దాని యొకకొన మనకు దగ్గర, మరియొకకొన దూరము. నీటియంచు దూరమగుకొలది చిత్రమున దిగంతమువైపునకు పైకి ప్రాకును. కావున అది చిత్రమున ఏటవాలుగ నుండుటయే న్యాయము. దానిని బలవంతముగ మట్టము చేయుట తప్పు. తీరమువెంబడి దక్షిణముగ చూచి తీసినప్పుడును ఇంతే. ఎడమప్రక్క సముద్రపుగీత మాత్రమే మట్టముగ నుండవలెను. కుడినుండి వచ్చు ఇసుకయంచు ఎట్లున్నను మనకు బాధ్యత లేదు.

మరి దిగంతమే కానరానిచోట దేనిని నమ్మవలెను? నిటారైనదానిని. నేలటూరు వద్ద విద్యుత్కేంద్రపు పొగగొట్టము లిటీవలి కాలమున మన ప్రాంతపు చిత్రములన్నింటిలో వద్దన్నను వచ్చి నిలుచుచున్నవి. వానిని అందవిహీనములని విసుగుకొనువారున్నారు. నాకుమాత్రము అవి మంచి తూకపుగుండ్లు. ఒక్కటి గుర్తుంచుకొనవలెను: అట్టి గొట్టము పైకి పోయినకొలది సన్నబడును గనుక దాని అంచును గాక నడిమిగీతను చూడవలెను. తాటిచెట్లను, సరుగుడుచెట్లను నమ్మరాదు. మన కడలిగాలికి అవి తమ యిష్టమువచ్చినట్లు వంగియుండును. కెమేరాను పైకెత్తి పట్టినప్పుడు ఎత్తైన కట్టడముల రెండుప్రక్కలును మధ్యకు వాలినట్లు కనబడును. అది వేరు సంగతి. కెమేరా పైకెత్తుటవలన వచ్చినదే గాని ప్రక్కకు ఒరగుటవలన వచ్చినది గాదు. అప్పుడు చిత్రపు నడుమనున్న నిలువుగీత యొక్కటియే ప్రమాణము.

మరియొక సాధనము కలదు. ఇది నాకు అన్నింటికంటె ఇష్టమైనది. నిలుకడనీట ఏ వస్తువును దాని నీడయు ఒకే తూకపుగీతపై నుండును. గట్టుపై నిలిచిన కొయ్య వంగియున్నను సరే, దాని కొన, ఆ కొనయొక్క ప్రతిబింబము, ఈ రెండింటిని కలుపు గీత నిటారుగ నుండును. రొయ్యలగుంటల వద్ద తెల్లవారుజామున, నీటిని చిలుకు ఏరేటర్లు ఆగియున్న క్షణమున, గట్టుమీది దీపపు స్తంభమును దాని ప్రతిబింబమును కలిపి చూడుడు. బకింగుహాము కాలువలో గాలిలేని వేళను ఇట్లే చూడవచ్చును. ఏరేటరు మొదలైన వెంటనే ఈ మట్టము చెదరిపోవును, అంతవరకే త్వరపడవలెను.

శ్రీహరికోటనుండి రాకెట్టు పైకెగయు దినములలో మన తీరమున గుమిగూడి ఫోనులెత్తువారికి ప్రత్యేకముగ నొకమాట. రాకెట్టు మొదట నిటారుగ లేచి, పిమ్మట సముద్రముపైకి వంగిపోవును. దక్షిణముగ తిరిగి నిలుచున్న మనకది యెడమవైపునకు వంగినట్లు కనబడును. దానిని వెంబడించు ఆతురతలో మన చేయియు దానితో వంగును. పొగచార చిత్రమున నిటారుగ వచ్చును. సముద్రము మాత్రము పల్లమునకు దొర్లుచుండును. వంగినది పొగచార యని చూచువానికి తెలియవలెనన్నచో సముద్రము మట్టముగ నుండవలెను గదా.

ఈ తుదిమాటలోనే మట్టముయొక్క అసలు ప్రయోజన మిమిడియున్నది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగు తుపాను మన జిల్లాను గూడ వానలతోను గాలితోను బాధించినది. అట్టి తుపానుల తరువాత ఒరిగిన విద్యుత్‌స్తంభములను, బీటలువారిన గోడలను చిత్రములు తీసి అధికారులకు పంపుకొనుట ఇప్పుడు వాడుకయైనది. స్తంభము ఒరిగినదా, కెమేరా ఒరిగినదా యని చూచువాని కెట్లు తెలియును? చిత్రమున ఎచ్చటనో ఒకమూల మట్టమైన నీరుగాని, చెడని కట్టడపు నిలువుగోడగాని ఉన్నచో స్తంభపు వంపు రుజువగును. అవి లేక, చేయికూడ వణకినచో, నిజముగ ఒరిగిన స్తంభము నిటారుగ కనబడి సొమ్ము రాకపోవచ్చును.

దిగంతరేఖ మట్టముగ నుండిన చాలదు, ఎత్తుకూడ చూచుకొనవలెను. సముద్రపు దిగంతము ఎల్లప్పుడును కెమేరా యున్న యెత్తుననే కనబడును. మీరు నిలుచుండి అయిదడుగుల యెత్తున కెమేరా పట్టినచో, అదే నేలపై నిలుచున్నవారందరిని అయిదడుగుల యెత్తుననే ఆ గీత కోయును. అనగా మెడల మీదుగ పోవును. కంఠమున కత్తిపెట్టినట్లుండు చిత్రములు మనకు ఇన్ని వచ్చుటకు ఇదియే హేతువు. మోకాళ్ళపై కూర్చుండి తీయుడు. గీత నడుము వద్దకు దిగి, ముఖములు ఆకాశమున వెలుగును. దిగంతమును చిత్రపు నడుమ గాక, మూడింట ఒకపాలున నుంచవలెనను నియమ మొకటి కలదు. ఆంగ్లేయుడైన జాన్ థామస్ స్మిత్ అను చిత్రకారుడు 1797లోనే దానిని వ్రాసెను. మంచి నియమమే, కాని మేఘములు బాగున్ననాడు ఆకాశమునకు, కెరటములు బాగున్ననాడు నీటికి ఎక్కువపాలిచ్చుట కొలబద్ద లేకయే ఎవరికైనను తెలియును.

ఇద్దరు విద్యార్థులు తమ చిత్రములలో దిగంతము మధ్యన ఉబ్బియుండుట చూచి, క్రింద ‘భూగోళపు గుండ్రదనము’ అని వ్రాసి పంపిరి. వారి యుత్సాహము మెచ్చదగినదే గాని, తీరమున నిలుచున్నవాని కెమేరాకు ఆ వంపు అందదు. వెడల్పుదృష్టిగల కటకములు అంచులకు దగ్గరనున్న తిన్నని గీతలను బయటివైపునకు ఉబ్బించును. అదే దిగంతమును చిత్రపు క్రిందియంచుకడ నుంచి తీసియుండినచో, భూమి గిన్నెవలె పల్లమై కనబడియుండెడిది.

కావలెనని ఒరగజేయుటయు కలదు. 1949లో వచ్చిన ‘ది థర్డ్ మాన్’ అను ఆంగ్ల చలనచిత్రమున దర్శకుడు కారల్ రీడ్, యుద్ధముచే చెడిన వియన్నానగరపు కలవరపాటును చూపుటకై పెక్కు దృశ్యములను ఒరగజేసి తీసెను. అది చూచి ఆయన మిత్రుడైన విలియం వైలర్ అను దర్శకుడు ఒక రసమట్టమును బహుమతిగా పంపెనని చెప్పుదురు. రీడు ఒరగజేసినది గట్టిగా ఒరగజేసెను. చూచువానికి సందేహము లేదు. రెండు డిగ్రీలు ఒరగజేసి ‘కావలెననియే చేసితి’ ననువానిని నేను నమ్మను.

ఇక చేయి. రెండుచేతులతో పట్టుడు, మోచేతులు ప్రక్కలకు ఆనించుడు, ఇసుక సముద్రమువైపు వాలియుండును గనుక పాదములు కుదురుకొనువరకు కదలి నిలుచుడు. మీటను పొడిచినట్లు నొక్కరాదు. కుడిచేత పొడిచినచో కెమేరా కుడిప్రక్క దిగును. చిత్రమున సముద్రము కుడివైపు లేచి, ఎడమవైపు పల్లమగును. మన విద్యార్థుల చిత్రములలో అధికభాగము ఎడమకే ఒరిగియుండుటకు కారణ మిదియేయని నా యూహ.

తీసిన తరువాత సరిచేసికొనవచ్చును గదా యందురు. చేసికొనవచ్చును, ఫోనులోనే చిత్రమును త్రిప్పు సాధనమున్నది. కాని దానికి వెల చెల్లింపవలెను. త్రిప్పిన చిత్రపు మూలలు ఖాళీయగును గనుక చుట్టును కత్తిరింపవలెను. మూడునకు నాలుగు ప్రమాణముగల చిత్రమును ఒక డిగ్రీ త్రిప్పినచో నూటికి నాలుగున్నర పాళ్ళు పోవును. మూడు డిగ్రీలకు 12 పాళ్ళు. అయిదు డిగ్రీలకు 19 పాళ్ళు. లెక్కలంటే ప్రీతిగల ఉన్నతతరగతుల విద్యార్థులు త్రికోణమితితో దీనిని సరిచూచుకొనవచ్చును.

ఆ వెల ఎట్టిదో నాకు తెలిసిన దినమును గూర్చి చెప్పెదనంటిని. కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలమున తీరమున నడచుచుండగా, క్రొత్త పడవను నీటికి దింపిన ఒక జాలరికుటుంబమువారు నన్ను గుర్తుపట్టి చిత్రము తీయుమని కోరిరి. వారి పిల్లవాడు మన బడిలో చదివెను. పడవ ముందట అందరును వరుసగా నిలిచిరి. ఆ యింటి ముసలవ్వ నిలువలేక ఎడమకొసన ఇసుకపై చతికిలబడి కూర్చున్నది. వెనుక తూర్పున సముద్రము. నా వెనుకనుండి యెండ. మబ్బు కమ్మునేమోయను తొందరలో మీటను పొడిచితిని. ఒక్కటే చిత్రము, తరువాత వెలుగు పోయినది. ఇంటికి వచ్చి చూడగా సముద్రము నాలుగు డిగ్రీలు ఎడమకు ఒరిగియున్నది.

త్రిప్పి చూచితిని. దిగంతము చక్కబడినది; కాని ఎడమ క్రిందిమూల తెగి, దానితో అవ్వ ముఖమున సగము పోయినది. త్రిప్పుట తగ్గించితిని, ముఖము వచ్చినది, సముద్రము మరల ఒరిగినది. మరియొకనాడు పోయి మరల తీయుదమనుకొంటిని. పరీక్షల దినములు, నెల గడచినది. నేను పోవునప్పటికి అవ్వ లేదు. ఆమెకు వేరు చిత్రమేదియు ఆ యింట లేదట.

రెండువిధములుగను అచ్చువేయించి తీసికొనిపోయి, ఇందులో సముద్రము సరిగానున్నది, అందులో అవ్వ పూర్తిగానున్నదని చెప్పి వారియెదుట పెట్టితిని. ఇంటి పెద్దకొడుకు రెండింటిని వెలుతురునకు పట్టి చాలసేపు చూచెను.

“సముద్రాన్ని రోజూ చూస్తానే ఉండాం గదా అయ్యవారూ. మా అవ్వని మాత్రం కోయబాకండి,” అనెను.

చట్రము కట్టించి వారి నడవగోడకు తగిలించిరి. పోయిన సంక్రాంతికి వారియింటికి పోయినప్పుడు చూచితిని. అవ్వ చేతులు ఒడిలో పెట్టుకొని కెమేరావైపే చూచుచున్నది. ఆమె వెనుక బంగాళాఖాతము ఉత్తరమునకు ఒరిగియే యున్నది.